పెద్దకర్మ అయ్యాక మొదలయ్యే భారతం

పాత భారతం సంపుటం విప్పితే ఒక వాసన వస్తుంది. పుటల మధ్య పురుగు పట్టకుండా పెట్టిన వేపాకు ఎండి పొడిపొడి అయివుంటుంది. అంచులకు పసుపు, అట్టకు కర్పూరం మసి. మొన్న తంగశాల వీధిలో ఒక పాత ఇల్లు పడగొట్టబోతూ సామాను బయట పెడుతుంటే ఆ వాసన వీధిలోకి వచ్చింది. వావిళ్ళవారి ముద్రణ, బైండు ఊడిపోయి, నవారుతో కట్టివుంది. ఒకప్పుడు ఆ ఇంటి నడవాలో వ్యాసపీఠం ముందు కూర్చుని పురాణం చెప్పిన పంతులుగారు పోయి చాలా ఏళ్ళయింది. చెప్పే ముందు తన పేరు చదివి పరిచయం చెయ్యడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఇక్కడా పేరు లేకుండానే ఆయన పని గురించి రాస్తున్నాను.

చెన్నపట్నం తెలుగువాళ్ళలో అప్పట్లో పురాణం చెప్పేవాళ్ళకు కొదవ లేదు. జార్జిటౌన్ గుళ్ళలో, త్యాగరాయనగర్ ఇళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో ఎవరో ఒకరు చెబుతూనే ఉండేవారు. ఈయన మాత్రం చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళేవారు. అదీ వెంటనే కాదు. పది రోజుల్లో గరుడపురాణం చదివేవాళ్ళు వేరే ఉంటారు. ఈయన పెద్దకర్మ అయ్యాక వచ్చేవారు.

"పదమూడు రోజులూ ఇంటినిండా జనం. ఎవరో ఒకరు అన్నం తినమంటారు, ఎవరో ఒకరు పక్కన పడుకుంటారు. చుట్టాలందరూ సెంట్రల్లో రైలెక్కి వెళ్ళిపోయాక కదండీ అసలు సంగతి. నా పని అప్పుడు," అనేవారు.

*

కూర్చోబెట్టడంలోనే సగం పనితనం ఉండేది. దీపం పుస్తకానికి దగ్గరగా, ఎడమపక్క. వెలుతురు పుటమీద పడాలి, వినేవాళ్ళ మొహాలమీద పడకూడదు. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళను ముందు వరసలో కూర్చోనిచ్చేవారు కాదు. పక్కగా, గోడకో స్తంభానికో ఆనుకుని కూర్చోవాలి. ముందు కూర్చుంటే శోకం పద్యం వచ్చినప్పుడల్లా అందరి కళ్ళూ వాళ్ళమీదికే పోతాయి. అప్పుడు వాళ్ళు కథ వినడం మాని, తమను చూస్తున్నవాళ్ళను చూసుకుంటారు.

మైకు పెట్టనిచ్చేవారు కాదు. మైకు పెడితే వీధివాళ్ళు వస్తారు, వస్తే ఆ ఇల్లు సభ అయిపోతుంది. పది పదిహేను మందికి వినిపించే గొంతు చాలు. గొంతు పట్టుకోకుండా మిరియాలపాలు, పటికబెల్లం. దీపాలు పెట్టిన గంటకు మొదలుపెట్టి గంటన్నరలో మంగళం పాడేయాలి. ఆ గంటన్నరలో పాతిక ముప్పై పద్యాలకు మించి జరిగేవి కావు.

పద్యం మొదట రాగంతో ఒకసారి. తర్వాత విరిచి, మాటకు మాట అర్థం. ఆ తర్వాత తాత్పర్యం. అవసరమైతే ఒక పిట్టకథ. చివర మళ్ళీ అదే పద్యం రాగంతో. ఈ రెండోసారే ముఖ్యం. మొదటిసారి వినేటప్పుడు జనం అర్థం కోసం వెతుక్కుంటూ ఉంటారు. రెండోసారి అర్థం చేతిలో ఉంటుంది కాబట్టి పద్యం నేరుగా లోపలికి వెళ్తుంది. కళ్ళు తుడుచుకోవడం ఎప్పుడూ రెండోసారే. టైము లేదని రెండోసారి పాడకుండా వదిలేసే పౌరాణికుల మీద ఆయనకు కోపం వచ్చేది.

ఇంకొకటి, ఊఁ కొట్టేవాడు. కథకు ఊఁ కొట్టేవాడు ఉండాలని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఈయన ఆ పని ఇంటివాళ్ళకు ఇచ్చేవారు కాదు. పక్కింటి కుర్రవాడినో, అద్దెకున్నవాళ్ళ అమ్మాయినో పిలిచి దగ్గర కూర్చోబెట్టుకునేవారు. గోడకానుకున్న మనిషి నోటినుంచి తనంతట తాను "ఊఁ" వచ్చేదాకా కథను పెద్ద దుఃఖాల వైపు నడిపేవారు కాదు. కొన్ని ఇళ్ళలో అది మూడో రోజుకే వచ్చేది. కొన్ని ఇళ్ళలో రెండో నెల దాటేది.

*

మొదటి సాయంత్రం ఎప్పుడూ సరమ కథే.

భారతం ఎక్కడ మొదలవుతుందని అడిగితే చాలామంది శంతనుడంటారు, భీష్ముడంటారు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొట్టారు. అది హవిస్సు నాకలేదు, కనీసం దానివైపు చూడలేదు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏం చేశాడని కొట్టారని అడిగింది. సంస్కృతంలో అక్కడ ఒక చిన్న వాక్యం ఉంది, వాళ్ళు ఏమీ బదులు చెప్పలేదని. పంతులుగారు అక్కడ చాలాసేపు ఆగేవారు. తెలుగులో సరమ చెప్పే "తగు నిది తగ దని యెదలో" పద్యం బడిలో చదివినవాళ్ళందరికీ వచ్చు. తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవాళ్ళకు అనుకోని భయాలు వచ్చిపడతాయని ఆ తల్లి మాట.

లక్ష శ్లోకాల గ్రంథం వాకిట్లోనే బదులు దొరకని ఒక తల్లి ప్రశ్న ఉంది. బిడ్డను పోగొట్టుకుని, ఎందుకిలా జరిగిందని ఎవరిని అడగాలో తెలియక కూర్చున్న మనిషికి మొదటిరోజు వినిపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పంతులుగారు దానికి వ్యాఖ్యానం చేసేవారు కాదు. అంతా కర్మ, అంతా ఈశ్వరేచ్ఛ అనే మాట మొదటి వారంలో ఆయన నోట వినపడేది కాదు. ఆ మాట నిజమైనా, తొందరపడి చెబితే ఎదుటి మనిషి నోరు మూతపడుతుందని ఆయన అభిప్రాయం. నాకు తెలిసినంతలో ఇది చాలా సరైన మాట.

ఆ జనమేజయుడి కథ కూడా అంతే కదా. తండ్రిని పాము కరిచి చంపింది. ఆ పగతో సర్పయాగం పెట్టాడు. ఆస్తీకుడు వచ్చి యాగం ఆపించాడు. ఆ యాగం దగ్గరే వైశంపాయనుడు అతనికి భారతం చెప్పాడు. తండ్రిని పోగొట్టుకున్న కొడుక్కి చెప్పిన కథనే మనం ఇన్ని వందల ఏళ్ళుగా వింటున్నాం.

*

ఆ తర్వాత నలుడి కథ, నాలుగు సాయంత్రాలు.

అర్జునుడు అస్త్రాల కోసం వెళ్ళిపోయాడు. భీముడు దెప్పుతున్నాడు. కామ్యకవనంలో ధర్మరాజు తనను తానే తిట్టుకుంటూ కూర్చున్నాడు. బృహదశ్వుడనే ముని వస్తే, నాకంటే దురదృష్టవంతుణ్ణి మీరు ఎక్కడైనా చూశారా, విన్నారా అని అడిగాడు. ఊరుకో నాయనా అనలేదు ముని. ఉన్నాడు, చెబుతాను విను అన్నాడు. నీకు తమ్ముళ్ళున్నారు, చుట్టూ ఇంతమంది ఉన్నారు, అతనికి ఎవరూ లేరు అన్నాడు. అరణ్యపర్వం నిండా ఇదే పద్ధతి. సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోయి, వాణ్ణి పట్టుకుని పరాభవించి పంపాక కూడా ధర్మరాజు మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు. అప్పుడు మార్కండేయుడు రాముడి కథ, సావిత్రి కథ చెబుతాడు. నలుడి కథ నన్నయ తెలుగు చేసిన భాగంలో ఉంటుంది, రాముడూ సావిత్రీ ఎఱ్ఱన భాగంలో.

మొదటి రోజు హంస, స్వయంవరం. అందరూ నవ్వుతూ లేస్తారు. రెండోరోజు కష్టమైనది. జూదంలో అంతా పోయి, ఉన్న ఒక్క బట్టా పక్షులు ఎత్తుకుపోయాక, దమయంతి చీర సగం కోసుకుని నలుడు ఆమెను నిద్రలో వదిలి వెళ్ళిపోతాడు. పద్యాల లెక్క చూసుకుని అక్కడ ఆపేస్తారు చాలామంది. పంతులుగారు ఆరోజు ఎంత రాత్రయినా కొండచిలువనూ, బోయవాణ్ణీ, ఏనుగులు తొక్కేసిన బేహారుల విడిదినీ దాటించి, చేదిరాజు తల్లి మేడమీదినుంచి చూసి దమయంతిని లోపలికి పిలిపించేదాకా చెప్పేవారు. ముఖ్యమైన పద్యాలు పాడి, మిగతాది వచనంలో పరుగెత్తించేవారు. "ఆడమనిషిని అడవిలో ఒంటరిగా పెట్టి మంగళం పాడకూడదమ్మా. వినేవాళ్ళు ఇంటికెళ్ళి పడుకోవాలి," అనేవారు.

మూడోరోజు కర్కోటకుడు. కార్చిచ్చులోంచి కాపాడినవాణ్ణే కాటు వేస్తాడు. నలుడి రూపం మారిపోతుంది. కాని ఆ విషం నలుణ్ణి బాధించదు, అతని లోపల దూరిన కలిని బాధిస్తుంది. ఆ తర్వాత వచ్చే చిన్న ఘట్టం వ్యాసభారతంలోంచి పంతులుగారు ప్రత్యేకంగా తెచ్చి చెప్పేవారు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి గుర్రపుశాలలో పని చేస్తున్న నలుడు రోజూ సాయంత్రం ఒకే ఒక శ్లోకం చదువుకుంటాడు. ఆకలికి, దాహానికి, అలసటకు తట్టుకోలేక ఆ మందబుద్ధివాణ్ణి తలుచుకుంటూ ఆమె ఎక్కడ పడుకుందో అని. తోటివాడు జీవలుడు, ఎవరి గురించి రోజూ ఇలా అంటావని అడుగుతాడు. నా గురించి అని చెప్పడు నలుడు. ఎవడో తెలివితక్కువవాడికి ఒక ఆమె ఉండేది అని మొదలుపెట్టి తన కథంతా పరాయివాడి కథలా చెబుతాడు.

ఈ ఒక్క ఘట్టంలో పంతులుగారి పద్ధతి మొత్తం ఉంది. సొంత బాధను సొంత బాధగా చెప్పడానికి నోరు రానప్పుడు, దాన్ని ఇంకొకడి భుజాన వేసి చెప్పవచ్చు. వినేవాడు కూడా ఇంకొకడి బాధగా వింటూ తన కోసం ఏడవవచ్చు. ఎవరూ ఎవరినీ పట్టుకుని "నీకెలా ఉంది" అని అడగక్కరలేదు.

నాలుగో రోజు తాండ్రచెట్టు. అక్షహృదయం నేర్చుకున్న క్షణాన కలి విషం కక్కుకుంటూ బయటికి వస్తాడు. పుష్కరుడితో మళ్ళీ జూదం, గెలుపు, తమ్ముణ్ణి క్షమించి పంపడం. కథ అయిపోయాక బృహదశ్వుడు ఏం చేశాడో చెప్పడం చాలామంది మరిచిపోతారు. ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకు నేర్పి వెళ్ళాడు. ఏ పాచికలు అతన్ని అడవిపాలు చేశాయో ఆ పాచికల విద్యే. పంతులుగారు దీన్ని చాలా గట్టిగా పట్టుకున్నారు. నలుడి కథ ముగిసిన మర్నాడు ఆ ఇంటి లెక్కలు, బ్యాంకు కాగితాలు, పింఛను దరఖాస్తు ఎంతవరకు వచ్చాయో కనుక్కునేవారు. భర్త పోయిన ఆవిడకు చెక్కు రాయడం రాకపోతే పక్కన కూర్చుని రాయించేవారు. అది కూడా పురాణంలో భాగమే అనేవారు.

*

అభిమన్యుడి కథ మాత్రం, కుర్రవాడు పోయిన ఇంట్లో ఆరు నెలలు దాటితేగాని ముట్టుకునేవారు కాదు. ఒకసారి ఎవరో వేరే ఆయన అలాంటి ఇంట్లో మూడో వారమే ద్రోణపర్వం ఎత్తుకున్నారు. గొంతు బాగుంది, ముఖారి రాగం బాగుంది, చెబుతూ చెబుతూ ఆయనే ఏడ్చేశారు. ఇంటి ఇల్లాలు లేచి ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి ఓదార్చింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ వినడానికి కూర్చోలేదు. చెప్పేవాడు ఏడిస్తే వినేవాళ్ళ చేతిలోంచి ఏడుపు లాక్కున్నట్టేనని పంతులుగారు బాధపడ్డారు.

స్త్రీపర్వం తిక్కన రాసింది. అందులో ఆయనకు ఇష్టమైనవి రెండు చోట్లు. ఒకటి ఇనుప భీముడు. కొడుకులందరినీ చంపినవాణ్ణి కౌగిలించుకుంటానని ధృతరాష్ట్రుడు చేతులు చాస్తే, కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు తోస్తాడు. ముసలాయన దాన్ని నుజ్జు చేసి, కోపం దిగిపోయాక, అయ్యో భీమా అని ఏడుస్తాడు. అది బొమ్మేనని అప్పుడు చెబుతాడు కృష్ణుడు. కోపం పడడానికి ఒక వస్తువు దొరికాకే ఏడుపు వచ్చింది.

ఈ మాట చిత్తూరు జిల్లా నుంచి వచ్చి పెరంబూరులో, వ్యాసర్పాడిలో స్థిరపడినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వాళ్ళ ఊళ్ళలో ధర్మరాజుల గుడి ముందు ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరిరోజు భారతం మిట్ట మీద పడుకున్న దుర్యోధనుడి మట్టిబొమ్మ, ఎన్నో బారల పొడవు. దాని చుట్టూ భీముడి వేషం, దుర్యోధనుడి వేషం తిరుగుతాయి. తొడమీద గద పడుతుంది, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. అంతకుముందు అర్జునుడి తపస్సు రోజున పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో, అర్జునుడి వేషం ఎక్కే మాను చుట్టూ సాష్టాంగపడి వుంటారు. ఎవరి దుఃఖం ఏ రోజు వచ్చి చెప్పుకోవాలో ఆ కథలో చోటు ఏర్పరిచి పెట్టారు పెద్దలు. ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని మరీ వెళ్ళేవారు చెన్నపట్నం నుంచి.

రెండోది గాంధారి చూపు. కళ్ళగంతల కిందనుంచి ఆమె చూపు ధర్మరాజు కాలివేళ్ళ కొసలమీద పడుతుంది. గోళ్ళు కమిలి వికారమైపోతాయి. చాకలిపేటలో ఒక ఇంట్లో ఈ ఘట్టం చెప్పిన రోజు, హార్బరులో పని చేస్తూ పోయిన కుర్రవాడి తల్లి గోడవారనుంచి మొదటిసారి నోరు విప్పింది.

"పంతులుగారూ, ఆ గోళ్ళు తర్వాత మామూలుగా అయ్యాయాండీ?"

ఆయన వేలు పద్యంమీదే ఉంది. "పుస్తకంలో లేదు తల్లీ."

"అయ్యుండవు. మా అత్తగారు నన్ను చూసిన చూపు అలాంటిదే. వాణ్ణి ఆ పనిలో నేనే పెట్టించానని." అంటూ ఆవిడ మొదలుపెట్టింది. ఆరోజు ఇంక పద్యం సాగలేదు. పంతులుగారు పుస్తకం మూయలేదు, ముందుకూ పోలేదు. ఊఁ కొట్టే కుర్రవాణ్ణి ఆపి, తనే ఊఁ కొడుతూ కూర్చున్నారు.

*

ఆయన దగ్గరున్న సంపుటాలు చాలావరకు మూర్ మార్కెట్లో ఒక్కొక్కటిగా ఏరుకున్నవి. 1985లో మూర్ మార్కెట్ తగలబడ్డాక అలా దొరకడం ఆగిపోయింది. ఇళ్ళు కూడా మారాయి. నడవా లేదు, ఆనుకోవడానికి స్తంభం లేదు. ఫ్లాటులో గంటన్నరసేపు పద్యం పాడితే పై అంతస్తువాళ్ళు తలుపు కొడతారు.

వడపళనిలో అచ్చయిన చందమామ చదివి పెరిగిన పిల్లలకు పంతులుగారు బేతాళ కథలు గుర్తు చేసేవారు. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో, శంకర్ గీసిన బొమ్మ కింద, విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడుస్తుంటే, శ్రమ తెలియకుండా కథ చెబుతాను విను అంటాడు బేతాళుడు. చివర ఒక ప్రశ్న. తెలిసి చెప్పకపోతే తల పగిలిపోతుంది. శవం మోస్తున్నవాడికి కథ ఎందుకో, ఆ కథ చివర మౌనం విడవాల్సిన ప్రశ్న ఎందుకో ఆ పత్రిక చదివినన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదు. పంతులుగారు కూడా రోజూ ఒక ప్రశ్నతో ముగించేవారు. చీర కోసిన చెయ్యి నలుడిదా, కలిదా? జవాబు ఆయన చెప్పేవారు కాదు. ఇంటిల్లిపాదీ రాత్రి భోజనాల దగ్గర దానిమీద వాదించుకునేవారు. ఎన్నో రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడనివాళ్ళు కూడా.

1988లో దూరదర్శన్‌లో తమస్ సీరియల్ వచ్చినప్పుడు, హిందీ అంతంతమాత్రం వచ్చినా ఆయన వదలకుండా చూశారు. దానికి మూలమైన నవల భీష్మ సాహ్నీది. దేశవిభజన నాడు రావల్పిండిలో తను చూసిన అల్లర్ల గురించి అది రాయడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. 1970లో భివండీ అల్లర్ల తర్వాత ఆ ఊరు వెళ్ళి చూస్తే పాతవన్నీ పైకి వచ్చాయి. 1974లో పుస్తకం వచ్చింది. "చూశారా, ఆయనకూ ఇంకొకరి దుఃఖం చూశాకే తనది వచ్చింది," అన్నారు పంతులుగారు. ఉర్దూ కథకుడు మంటో తన దేశవిభజనను పిచ్చాసుపత్రిలో ఉన్న బిషన్ సింగ్ అనే పాత్ర నోట పెట్టాడు. తమిళంలో 1992లో కరుక్కు అనే ఆత్మకథ రాసిన బామ తన అసలు పేరు పక్కన పెట్టి, సొంత కథలో కూడా ఆ పేరు రానివ్వకుండా రాసింది. గుర్రపుశాలలో బాహుకుడు చేసింది ఇదే.

*

చిట్టచివర చెప్పేది ఆశ్రమవాసపర్వం. యుద్ధమై పదహారేళ్ళు గడిచినా ధృతరాష్ట్రుడికి నిద్ర లేదని గాంధారి వ్యాసుడితో అంటుంది. వ్యాసుడు కుంతివైపు తిరుగుతాడు. అప్పుడు కుంతి దుర్వాసుడు వచ్చిన రోజునుంచి సూర్యుడిదాకా, పెట్టెలో వదిలిన బిడ్డదాకా, తన నోటితో తనే చెబుతుంది. యుద్ధమైపోయాక కర్ణుడు నా కొడుకని అంది గాని, ఇంత వివరంగా చెప్పలేదు. నీ తప్పు లేదంటాడు వ్యాసుడు. ఆ రాత్రి గంగలోంచి చనిపోయినవాళ్ళందరూ పగా వైరం లేకుండా లేచి వస్తారు. తెల్లవారితే వెళ్ళిపోతారు. పంతులుగారు ఈ వరస తప్పనిచ్చేవారు కాదు. ముందు కుంతి చెప్పాలి, తర్వాతే గంగ. జనానికి గంగ ఘట్టం ఇష్టమని ముందే దానిలోకి దూకితే అది ఇంద్రజాలం అయిపోతుంది, వినేవాళ్ళకు మిగిలేదేమీ ఉండదు.

ఇప్పుడు పౌరాణికుల కోసం వెతకక్కరలేదు. అర్థతాత్పర్యాలతో తిరుమల తిరుపతి దేవస్థానంవాళ్ళు వేసిన భారతం ఉంది. ఇంట్లో పద్యం స్పష్టంగా చదవగలిగేవాళ్ళు ఒకరుంటే చాలు, రాగం రాకపోయినా ఫరవాలేదు. రోజుకు పది పన్నెండు పద్యాలు, ప్రతిదీ రెండుసార్లు. మొదట సరమ, తర్వాత నలుడు. రెండోరోజు చదవబోయే ముందు దమయంతి చేదినగరం చేరే చోట కాగితం పెట్టుకుని, అక్కడిదాకా ఎంత వచనంగా చెప్పాలో చూసుకోండి. కూర్చునేటప్పుడు కుర్చీలు ఎదురెదురుగా వెయ్యకండి.